గునుగు పూల ఎరువు

నాంపల్లి స్టేషన్

నేను హైదరాబాద్ వెళ్లింది ఎరువు చూడటానికంటే మా రాజమండ్రిలో ఇప్పటికీ ఎవరూ నమ్మడం లేదు. హైదరాబాద్ వెళ్లినవాళ్లు చార్మినార్ చూస్తారు, ముత్యాలు కొంటారు, బిర్యానీ తిని ఆ కబుర్లు పది రోజులు చెబుతారు. నేను ఒక డాబా మీద మూడు నీలం డ్రమ్ముల్లో ఉన్న కంపోస్టును వాసన చూసి వచ్చాను. చెప్పడానికి బోలెడుంది కాబట్టి రాస్తున్నాను.

పిలిచింది స్వరూప. వాళ్లాయన బ్యాంకు ఉద్యోగం మీద మా ఊళ్లో ఉన్నప్పుడు మా కింది వాటాలో అద్దెకుండేది. నా మేడ మీద తోట చూసీ చూసీ తనూ మొక్కల పిచ్చి అంటించుకుంది. ఇప్పుడు వాళ్లు ఆబిడ్స్ వెనక సందులో ఒక పాత అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. వాళ్ల అత్తగారు డాబా మీద ఎరువు తయారు చేసిందట. దాంతో పాలకూర, మెంతికూర పెంచి దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీ పిల్లలకు ఇస్తామని మాటిచ్చారట. అక్కడి టీచరమ్మ మాత్రం, తెలిసినవాళ్లెవరైనా ఆ ఎరువు చూసి బాగుందంటేనే పిల్లలకు పెడతానందట.

"నీ ముక్కు మీద నాకు మస్తు నమ్మకం అక్కా. నువ్వు జర వచ్చి చూసి పో" అంది స్వరూప ఫోన్లో. నా ముక్కుకు మా ఊళ్లోనూ కొంచెం పేరుంది. పొగిడితే పొంగిపోయే ముక్కు కూడాను. వెంటనే టికెట్ తీయించాను.

పోల్చి చూడటానికి మా ఇంటి ఎరువు ఒక డబ్బాలో పోసి పట్టుకెళ్లాను. రైల్లో ఎదురు సీటాయన అది కాఫీ పొడి అనుకుని, ఏ కొట్లో ఆడించారని అడిగాడు. ఇంట్లోనే చేశానన్నాను. మూత తీసి చూపించి, అరటి తొక్కలూ ఎండు పేడా కలిపానని చెప్పాక ఆయన నాంపల్లి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

స్టేషన్ బయట చాయ్ తాగాను. "పంచదార తక్కువ వేసివ్వు బాబూ" అంటే ఆ కప్పులందించే అతను నవ్వాడు.

"అమ్మా, గది పొద్దుగాల్నే కలిసిపోయింది. ఇప్పుడు దాన్ల నుంచి చక్కెర తీసుడు నాతోని కాదు."

ఇరవై రూపాయలు. మా ఊళ్లో పన్నెండే. కప్పు చూస్తే మందు కొలిచే గ్లాసంత ఉంది. కానీ ఆ చిక్కదనానికి ఇంకో కప్పు కూడా తాగాను, ఆ ధర గురించి గొణుక్కుంటూనే.

ఆబిడ్స్ వెనక డాబా

స్వరూప అత్తగారి పేరు రాజవ్వ. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. డెబ్భై దాటినా నడుం వంగలేదు. జనగామ వైపు పల్లెలో పుట్టినప్పటి నుంచీ పొలం పని చేసిన మనిషి. పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చిన మొదటి ఏడాది, నాలుగు గోడల మధ్య ఏం తోచక, చెప్పకుండా రెండుసార్లు ఊరికి వెళ్లిపోయిందట. "ఇప్పుడు పొమ్మన్నా పోతలేదక్కా. డ్రమ్ములు ఎవరు తిప్పుతరు అంటది" అని స్వరూప నవ్వింది.

ముందు అన్నం, తర్వాతే ఎరువు అంది రాజవ్వ. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, అన్నంలోకి పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టి మరిగించకుండా పులుసేమిటని మావైపు వాళ్లం ముఖం చిట్లిస్తాం. నేనూ చిట్లించబోయి, ఒక ముద్ద తిన్నాక గిన్నె నా వైపు జరుపుకున్నాను.

డాబా మీదికి వెళ్లాం. చుట్టూ పెద్ద భవనాలు, కింద హారన్ల మోత. మధ్యలో ఈ మూడు డ్రమ్ములు, వాటిమీద పిల్లులు దూరకుండా బరువు పెట్టిన మూతలు. మొదటి డ్రమ్ము మూత తీసి రాజవ్వ పక్కకు జరిగి నిలబడింది. పెళ్లిచూపుల్లో పిల్ల తల్లిలా ఉంది ఆవిడ వాలకం. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

చేయి లోపలికి మోచేతి దాకా పెట్టాను. వేడి లేదు. వేడిగా ఉంటే లోపల ఇంకా కుళ్లుతోందని అర్థం. అలాంటిది వేస్తే మొక్క వేళ్లు మాడతాయి. గుప్పెడు తీసి గట్టిగా పిసికాను. ముద్ద కట్టింది, నీళ్లు కారలేదు, వేలితో తడితే పొడిపొడిగా విడిపోయింది. రంగు నలుపు. ఏ తొక్క ఏదో గుర్తుపట్టడానికి లేదు, గుడ్డు పెంకులు తప్ప. ఇక వాసన. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. తొలకరి పడ్డ మట్టి వాసన. ఘాటు లేదు, పులుపు లేదు, మురుగు లేదు.

ఒక ఎముక ముక్క మాత్రం చేతికి తగిలింది.

"గది పై అంతస్తోళ్లది" అంది రాజవ్వ తప్పు తనదైనట్టు. "బిర్యానీ తిన్నప్పుడల్ల బొక్కలు గూడ చెత్తల కలిపి ఇస్తరు. నేను ఏరుతనే ఉంట. గిదొక్కటి తప్పిపోయినట్టున్నది బిడ్డా."

"ఒక్క ఎముకకేం ఫరవాలేదు పెద్దమ్మగారూ. దేనితో చేశారు ఇదంతా?"

"పూలు, కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు" అని స్వరూప చెప్పింది. ఇంకేం కావాలి? అంతకన్నా శుభ్రమైన సరుకు ఉండదనుకున్నాను.

అయినా పరీక్ష పరీక్షే. తడి ఎరువు గుప్పెడు ఒక ప్లాస్టిక్ కవర్లో పోసి, గాలి తీసి ముడి వేశాను. మూడు రోజుల తర్వాత విప్పితే కంపు కొట్టకూడదు, కొడితే ఇంకా మాగలేదన్నమాట. తర్వాత రెండు కప్పులు తీసుకుని, ఒకదాంట్లో వాళ్ల ఎరువు, ఇంకోదాంట్లో నేను తెచ్చిన ఎరువు, రెంటిలోనూ సగం మట్టి కలిపి మెంతులు చల్లాను. రాజవ్వ రెండు కప్పుల్నీ కింద వంటింట్లో గిన్నెల గూడు పక్కన ఎండ తగిలే చోట పెట్టి, తన కప్పును కొంచెం ముందుకు జరిపింది.

తోపుడుబండి దగ్గర

మెంతులు మొలిచేదాకా నాకు పని లేదు. ఆబిడ్స్ రోడ్ల మీద తిరిగాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, చెప్పులు, చార్జర్లు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి. రోడ్డు దాటడానికి నాకు ధైర్యం చాలక, ఒక పెద్దాయన దాటుతుంటే ఆయన వెనకే దాటాను. తీరా అటు వెళ్లాక నాకు కావలసింది ఇటే ఉందని తెలిసింది. మళ్లీ ఇంకో పెద్దాయన కోసం చూడాల్సొచ్చింది.

ఒక మలుపులో తోపుడుబండి మీద మొక్కలమ్మే అతను కనిపించాడు. బండి కింద ఎరువు సంచులు. "ఎంత బాబూ?"

"నూటిరవై. అసలు మాల్ అమ్మా, కోడి ఎరువు కలిపింది. వేసిన వారంల ఎట్ల లేస్తదో చూడున్రి."

సంచి మూతి విప్పమన్నాను. విప్పగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత ఘాటు. చేయి పెడితే వెచ్చగా తగిలింది, లోపల ఈకలు కూడా ఉన్నాయి.

"ఇది ఇంకా ఉడుకుతోంది బాబూ. దీన్ని ఆకుకూరలకేస్తే మొక్కా పోతుంది, తిన్నవాళ్ల కడుపూ పోతుంది."

అతను కోప్పడలేదు. గడ్డం గోక్కుని, వంగి సంచిలోకి చూశాడు. "అందరు మొక్కను చూసి కొంటరమ్మా. సంచిల చెయ్యి పెట్టినోళ్లను మిమ్మల్నే చూస్తున్న" అన్నాడు. ఇంకో రెండు నెలలు మాగబెట్టి అమ్మమని సలహా ఇచ్చి, మొహమాటానికి ఒక తులసి మొక్క కొన్నాను. ఆ తులసిని రైల్లో రాజమండ్రి దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చానంటే మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

అంగన్‌వాడీ

మర్నాడు మధ్యాహ్నం స్వరూప నన్ను నాంపల్లి సందులోని అంగన్‌వాడీకి తీసుకెళ్లింది. ఒకే గది, గోడలకు పళ్ల బొమ్మలు. గది ముందు ఎండ పడే అరుగు మీద ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు వరసగా పేర్చి ఉన్నాయి, ఎరువు పోసి ఆకుకూరలు అక్కడే పెంచడానికి. లోపల పిల్లలు పప్పన్నం తింటున్నారు. ఒక చిన్నది నన్ను చూసి, నేను అడగకుండానే తన గిన్నెలోంచి ముద్ద తీసి చేయి చాపింది.

టీచరమ్మ మెతక మనిషి. చీర కొంగుతో ఒక పిల్లాడి మూతి తుడుస్తూనే మాట్లాడింది. "స్వరూపక్క మీద నమ్మకం లేక కాదు మేడం. మనమైతె ఇది ఏంది, ఎక్కడిది అని అడుగుతం. వీళ్లు అడగలేరు గద. పెడితె తింటరు."

నేను ధైర్యం చెప్పాను. నా ముక్కు గురించి కూడా రెండు మాటలు చెప్పుకున్నాననే గుర్తు. ఎరువు దివ్యంగా ఉందనీ, మెంతులు మొలవగానే పని మొదలుపెట్టొచ్చనీ అన్నాను. స్వరూప ముఖం వెలిగిపోయింది. వచ్చే దారిలో వద్దన్నా వినకుండా నాకు బాదం ఖీర్ తాగించింది.

మెంతులు మొలిచాయి

నాలుగో రోజు పొద్దున రాజవ్వే నన్ను లేపింది. రెండు కప్పుల్లోనూ మెంతులు మొలిచాయి. ఆవిడ కప్పులోవి నావాటికన్నా ఒక పిసరు పొడుగ్గానే ఉన్నాయి. ఒప్పుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. కవర్ విప్పి వాసన చూశాం. అదే తొలకరి మట్టి.  రాజవ్వ వంటింట్లోకి వెళ్లి సర్వపిండి పెట్టడం మొదలుపెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకే అద్ది కాలుస్తారు. మా దిబ్బరొట్టెకు ఇది కారపు చుట్టం.

తింటూ కూర్చున్నాం. ఆవిడకు మాట్లాడాలనిపించింది. "ఎట్ల మొదలైందో తెలుసా బిడ్డా? ముందటేడు బతుకమ్మ ఆడినంక తెల్లారి చూస్తె, అమ్మ పూలన్ని చెత్తబండిల ఉన్నయి. మీదికెల్లి ఎవడో తొక్కుతున్నడు. నాకు పానం పోయినట్టైంది. అందుకే పోయిన దసరాకు కింద టబ్బు నీళ్లల్లనే ఓలలాడించి, పూలన్ని పైకి మోసుకొచ్చినం. అమ్మ పూలు మళ్ల అన్నమైతయి గద అనుకున్న."

మావైపు బతుకమ్మ లేదు. తొమ్మిది రోజులు పూలను గోపురంలా పేర్చి, చుట్టూ తిరిగి పాడి, చివరికి నీళ్లలో వదులుతారని వినడమే కానీ దగ్గర్నుంచి చూడలేదు. చూపించమన్నాను. స్వరూప ఫోన్లో పోయిన దసరా ఫోటో వెతికి చూపించింది. రాజవ్వ నడుం ఎత్తున బతుకమ్మ. పసుపు, ఆకుపచ్చ, గులాబీ, ఊదా, వరసలు వరసలుగా. నిజంగా అంత అందమైన పూల పని నేను చూడలేదు.

"ఈ ఊదా పువ్వేమిటి పెద్దమ్మగారూ? మావైపు ఇలాంటిది లేదే."

"గది గునుగు పువ్వు బిడ్డా. తెల్లగనే ఉంటది. నేనే రంగుల ముంచిన. ఊదా, పచ్చ, గులాబి, అన్ని గునుగే. రంగు లేకుంటె బతుకమ్మకు కళెక్కడిది?"

చేతిలో ముక్క కంచంలో పెట్టేశాను. దేనితో చేశారని అడిగితే పూలన్నారు. వాళ్లకు రంగద్దిన గునుగు కూడా పువ్వే, చెప్పాల్సిన విషయమే కాదు. నాకేమో పువ్వంటే పువ్వే, దానికి రంగేస్తారని కలలో కూడా తెలియదు. ఇలా నాలుగు రోజులు ఒకరికొకరు నిజమే చెప్పుకుంటూ వచ్చాం.

ఊరుకుందామా అని ఒక నిమిషం అనిపించింది. ఎరువు నల్లగా ఉంది, రంగు ఎక్కడా కనబడదు. ఆవిడ ముఖం చూస్తుంటే నోరు రాలేదు. కానీ ముద్ద తీసి చేయి చాపిన ఆ చిన్నది గుర్తొచ్చింది.

"పెద్దమ్మగారూ, ఆ రంగు ఏం రంగు?"

"పూలకద్దే రంగు. ఏమైంది?"

చెప్పాను. మెంతులు మొలిచాయంటే ఎరువు మొక్కకు మంచిదనే గానీ, ఆ కూర తిన్నవాళ్లకు మంచిదని కాదని. కొన్ని రంగులు మట్టిలో విరిగిపోవచ్చు, కొన్నిటిలో ఉండే లోహాలు ఎన్నాళ్లు మాగినా పోవు, వీటిలో ఏముందో ల్యాబులో చూడాల్సిందే తప్ప నా ముక్కుతో తేలేది కాదని. చెబుతుంటే నా మీద నాకే చిరాకేసింది. మొదటి రోజే పూల గురించి ఇంకో ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది.

రాజవ్వ ఫోన్లోని బతుకమ్మ మీద వేలు పెట్టింది. "అమ్మకు పెట్టింది బిడ్డా. అమ్మకు పెట్టింది పిల్లలకు పెట్టొద్దంటవా?"

స్వరూప తల దించుకుని కంచంలో గీతలు గీస్తోంది.  రాజవ్వే లేచింది. "నడువు. గా దుకాణపాయన్నే అడుగుదం."

నాంపల్లిలో రంగుల దుకాణం

ముగ్గురం ఆటోలో వెళ్లాం. మార్కెట్ సందులో చిన్న దుకాణం, గోతాల నిండా రంగులు. గోడలు, తలుపులు, చివరికి దుకాణదారు చెవులు కూడా గులాబీ రంగులో ఉన్నాయి. రాజవ్వను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. ఏటా దసరాకు ముందు వచ్చే మనిషి కదా.

"గీ ఊదా రంగు దేనికి వాడ్తరు కొడుకా?"

"బతుకమ్మకు తీస్కపోతరు అవ్వా. మిగిలిన దినాలు చాపలకు, సుతిలి తాళ్లకు, కట్టె బొమ్మలకు."

"తినేటి దాన్ల వెయ్యొచ్చునా?"

అతను ఉలిక్కిపడ్డాడు. గోతం మూతి అరచేత్తో కప్పేశాడు. "తోబ! నోట్ల పెట్టేది కాదవ్వా గిది. మిఠాయి రంగు వేరే ఉంటది, డబ్బా మీద రాసి ఉంటది. దీని మీద ఏమన్న రాసి ఉన్నదా? మాకే తెల్వదు దీన్ల ఏమేం కలుపుతరో."

నిజంగానే పొట్లాల మీద ఏమీ రాసి లేదు. రాజవ్వ ఒక పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా తీసిన చోటే పెట్టింది.

ఆటో ఎక్కాక స్వరూప ఇంటి దారి చెప్పబోతే రాజవ్వ ఆపింది. అంగన్‌వాడీ దగ్గర ఆపించుకుని తనే దిగింది. మేమిద్దరం వెనకే వెళ్లాం. పిల్లలు అప్పుడే నిద్ర లేస్తున్నారు. టీచరమ్మ నవ్వుతూ, ట్రేలు కడిగి పెట్టించానని చెప్పింది.

"మా ఎరువు పిల్లలకు పనికి రాదు బిడ్డా" అంది రాజవ్వ నిలబడే. "దాన్ల రంగులున్నయి. నాకు తెల్వకపాయె. తొక్కలు, ఆకులు, గంతే ఏసి కొత్తది చేస్త. గప్పటిదాక గీ ట్రేలు గట్లనే ఉండనియ్యి."

టీచరమ్మ ఆవిడ చేయి పట్టుకుంది. మంచినీళ్లిచ్చింది. రాజవ్వ తాగలేదు, గ్లాసు అరుగు మీద పెట్టేసి వచ్చింది. ఎవరూ ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. అయినా ఆవిడ ఆటో దాకా నడిచిన నడకలో మొదటిసారి డెబ్భై ఏళ్లు కనిపించాయి, నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

 దారిలో ఒక సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు, రాజవ్వ ఎవరినీ చూడకుండా అంది. "పెండ్లైన కాడికెల్లి గివే రంగులు. ఊరంత కలిసి చెరువుల ఏస్తుంటిమి. గా నీళ్లే గొడ్లు తాగె. గా నీళ్లే పొలాలకు పారె."

మళ్లీ డాబా మీదికి

మర్నాడు నా ప్రయాణం. పొద్దున నేను లేచేసరికి రాజవ్వ డాబా మీద ఉంది. పాత ఎరువు డ్రమ్ముల మూతలు బిగించేసి, నాలుగో డ్రమ్ము ఒకటి కడిగి బోర్లించింది. పాత ఎరువును ఏం చేద్దామని అడిగింది. తినే మొక్కలకు వద్దు, పూల మొక్కల కుండీలకు వాడొచ్చు, చేతులకు తొడుగులు వేసుకోండి అన్నాను. బంతి నారు పోస్తానంది. కొత్త డ్రమ్ములో అడుగున ఎండాకులు, వాటి మీద నిన్నటి చిక్కుడు ఈనెలు వేసింది. ప్రతిదీ వేసేముందు నాకు చూపించి, "గిది ఏస్తనా?" అని అడిగింది. నేను మొన్నటంత ధీమాగా తలూపలేకపోయాను.

తర్వాత కిందికెళ్లి స్వరూపతో అటక మీది స్టీలు డబ్బా దింపించింది. దాని నిండా రంగు పొట్లాలు. వచ్చే దసరాకని ముందే కొని పెట్టుకున్నవట. ఊదావి ఎక్కువగా ఉన్నాయి. డబ్బా ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"మట్టిల కలపొద్దంటివి. నీళ్లల్ల పొయ్యొద్దాయె. చెత్తబండిల ఏస్తె గది గూడ ఏదో మట్టిలకే పాయె. మరి వీటిని ఏడ పారెయ్యాలె బిడ్డా?"

నాకు తెలియదని చెప్పాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నేను ఆ మాట అనడం అదే మొదలు. రాజవ్వ డబ్బా మూత గట్టిగా నొక్కి, మళ్లీ అటక మీదే పెట్టమని స్వరూప చేతికిచ్చింది.